స్విచ్ ఒక్కసారి నొక్కితే టైమర్ మూడుసార్లు ఎందుకు లెక్కిస్తుంది? దాన్ని సరిచేయడం ఎలా?

అండమాన్ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగే పొడి నెలల్లో శ్రీవిజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయర్) నగరంలో నీటికి కటకట తప్పదు. కొళాయి వచ్చిన సమయంలోనే నీళ్లు పట్టుకోవాలి. మోటారు వేసి మేడమీది ట్యాంకును నింపుకోవాలి. ట్యాంకు నిండిన సంగతి గమనించకపోతే అంత విలువైన నీరూ వీధి కాలువ పాలవుతుంది.

ఈ ఇబ్బందికి పరిష్కారంగా ఎలక్ట్రానిక్స్‌పై ఆసక్తి ఉన్న ఒక విద్యార్థి ఇంట్లోనే చిన్న టైమర్ తయారుచేశాడనుకుందాం. బటన్ ఒకసారి నొక్కితే మోటారు ఐదు నిమిషాలు నడవాలి, రెండుసార్లు నొక్కితే పది నిమిషాలు నడవాలి. ఇదీ అతని ఆలోచన. సర్క్యూట్ పుస్తకంలో ఉన్నట్టే కుదిరింది. కానీ బటన్ ఒక్కసారి నొక్కితే టైమర్ ఒకప్పుడు ఐదు నిమిషాలు చూపుతోంది, ఒకప్పుడు పదిహేను చూపుతోంది. ట్యాంకు పొంగిపొర్లకుండా పెట్టిన పరికరమే ట్యాంకును పొంగిస్తోంది.

ఐసీ పాడైందేమోనని అతను దాన్ని మారుస్తాడు. దీవుల్లో ప్రతి విడిభాగమూ సముద్రం దాటి రావలసిందే. చెన్నై నుంచైనా, విశాఖపట్నం నుంచైనా దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. కొత్త ఐసీ కోసం రోజుల తరబడి ఎదురుచూసి, తీరా బిగించాక అదే తప్పు మళ్లీ కనిపిస్తుంది.

నిజానికి ఐసీలో లోపమేమీ లేదు. లోపం రెండు రూపాయల బటన్‌లో ఉంది. అదీ లోపమని అనలేం, లోహపు స్వభావం అది. దీన్నే 'కాంటాక్ట్ బౌన్స్' అంటారు. దాని ప్రభావాన్ని తొలగించే పద్ధతి పేరు 'డీబౌన్సింగ్'.

బటన్ లోపల ఏం జరుగుతుంది?

గచ్చు మీద గోలీని వదిలితే అది పడిన చోటే ఆగిపోదు. ఎగిరి పడుతుంది, మళ్లీ ఎగురుతుంది. ప్రతిసారీ ఎత్తు తగ్గుతూ చివరికి నిలుస్తుంది. బటన్ నొక్కినప్పుడు లోపలి లోహపు రేకులు కూడా ఇలాగే ప్రవర్తిస్తాయి. ఒక రేకు వచ్చి రెండోదానికి తగులుతుంది, స్ప్రింగు గుణం వల్ల వెనక్కి తుళ్లుతుంది, మళ్లీ తగులుతుంది. అలా కొన్నిసార్లు తగిలి విడిపోయాక స్థిరపడుతుంది. బటన్ వదిలేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

ఈ తతంగమంతా సెకనులో వెయ్యో వంతులైన మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. ఇంట్లో దీపం వెలిగించే స్విచ్‌లోనూ ఇదే జరుగుతున్నా మన కంటికి కనిపించదు. ఐసీ సంగతి వేరు. సెకనులో పది లక్షో వంతు కాలం కూడా దానికి చాలా ఎక్కువే. రేకు ఐదుసార్లు తగిలి విడిపోతే, ఎవరో ఐదుసార్లు బటన్ నొక్కారనే అది భావిస్తుంది.

ఎన్ని మిల్లీసెకన్లు? అమెరికాకు చెందిన ఇంజినీర్ జాక్ గాన్సిల్ 18 రకాల స్విచ్‌లను తెచ్చి, పదేపదే నొక్కి, ఆసిలోస్కోప్‌తో కొలిచారు. అసాధారణంగా ప్రవర్తించిన రెండింటిని పక్కనపెడితే, మిగిలిన వాటిలో బౌన్స్ సగటున సుమారు 1.6 మిల్లీసెకన్లు సాగింది. అత్యధికంగా 6.2 మిల్లీసెకన్లు సాగింది. పక్కనపెట్టిన వాటిలో ఒకటి మాత్రం ఏకంగా 157 మిల్లీసెకన్లు తీసుకుంది. అంటే చాలా స్విచ్‌లు పది మిల్లీసెకన్ల లోపే కుదుటపడతాయి. కానీ చేతిలో ఉన్న స్విచ్ ఏ కోవకు చెందుతుందో చూడగానే చెప్పలేం.

అన్ని టైమర్లకూ ఈ బెడద ఉంటుందా?

ఉండదు. కొత్తగా నేర్చుకునేవారిని తికమకపెట్టే విషయం ఇదే.

హాబీ టైమర్లలో అత్యంత ప్రసిద్ధమైనది 555 ఐసీ. హాన్స్ కామెంజిండ్ 1971లో సిగ్నెటిక్స్ సంస్థ కోసం దీన్ని రూపొందించగా, 1972లో మార్కెట్లోకి వచ్చింది. దీన్ని 'మోనోస్టేబుల్' పద్ధతిలో కలిపితే, బటన్ నొక్కగానే అవుట్‌పుట్ వెలిగి, నిర్ణీత కాలం తర్వాత ఆరిపోతుంది. ఆ కాలం రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధానికి 1.1 రెట్లు. ఒక మెగాఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడితే సుమారు 110 సెకన్లు వస్తుంది.

ఈ సర్క్యూట్‌లో బటన్ తొలిసారి తగలగానే లెక్క మొదలవుతుంది. ఆ తర్వాత రేకులు ఎన్నిసార్లు ఎగిరినా ఐసీ పట్టించుకోదు, ఎందుకంటే అది అప్పటికే పనిలో ఉంది. అందుకే 555తో తొలి టైమర్ చేసినవారికి బౌన్స్ అనే మాటే వినిపించకపోవచ్చు. అయితే ఇందులోనూ ఒక చిక్కుంది. టైమర్ కాలం రెండు మూడు సెకన్లే అయి, బటన్‌ను అంతకన్నా ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే, వదిలే క్షణంలోని బౌన్స్ వల్ల టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలుకావచ్చు.

ఎక్కువ నిమిషాల టైమర్‌కు మోనోస్టేబుల్ అంతగా పనికిరాదు. పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో విద్యుత్తు కొద్దికొద్దిగా లీకవుతూ సమయాన్ని తారుమారు చేస్తుంది. కాబట్టి కౌంటర్ ఐసీలనో, మైక్రోకంట్రోలర్‌నో వాడతారు. వీటి పనే లెక్కపెట్టడం. బౌన్స్ అసలు సమస్యగా మారేది ఇక్కడే. 'ప్రతి నొక్కుకు ఐదు నిమిషాలు' అనే టైమర్‌లో నిమిషాలు పెరిగిపోతాయి. ఒకే బటన్‌తో ఆన్, ఆఫ్ చేసే టైమర్ అయితే ఆన్ అయిన మరుక్షణమే ఆఫ్ అయి, అసలు పనే చేయనట్టు కనిపిస్తుంది.

సముద్ర మట్టం కొలిచే బావి చెప్పే పాఠం

డీబౌన్సింగ్‌లోని కీలకమైన ఆలోచనను అర్థం చేసుకోవడానికి దీవుల చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉంది.

సముద్రపు ఆటుపోట్లను నమోదుచేసే పరికరం పోర్ట్ బ్లెయర్‌లో 1880ల ఆరంభం నాటికే ఉంది. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ సమీపంలో వచ్చిన పెద్ద భూకంపం పుట్టించిన సునామీ, బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఇలాంటి పరికరాల్లో నమోదైంది. వాటిలో పోర్ట్ బ్లెయర్ కూడా ఉంది.

సముద్రంలో కెరటాలు క్షణం క్షణం లేచి పడుతుంటాయి. వాటి మధ్య అసలు నీటిమట్టం ఎంతో ఎలా తెలుస్తుంది? ఇందుకోసం నీటిలో నిలువుగా ఒక గొట్టాన్నో, బావినో ఏర్పాటు చేసి, దాని అడుగున చిన్న రంధ్రం ఉంచుతారు. లోపల ఒక తేలుడు బుడ్డి ఉంటుంది. బయట కెరటం ఎగసినా, ఆ చిన్న రంధ్రం గుండా నీరు లోపలికి వచ్చేలోపే కెరటం వెనక్కి తగ్గిపోతుంది. కాబట్టి కొన్ని సెకన్లలో వచ్చిపోయే కెరటాలు లోపలి మట్టాన్ని కదిలించలేవు. సుమారు పన్నెండున్నర గంటలకొకసారి వచ్చే ఆటుపోటు మాత్రం నిదానంగా లోపలికి చేరుతుంది. నిమిషాల తరబడి సాగే సునామీ అల కూడా చాలావరకు చేరుతుంది.

రంధ్రం మరీ పెద్దదైతే ప్రతి కెరటమూ నమోదై, అసలు మట్టం తెలియకుండా పోతుంది. మరీ చిన్నదైతే సునామీ వచ్చినా బావిలో నీరు కదలదు. ఏది తాత్కాలికమైన కదలికో, ఏది నిజమైన మార్పో అవి నిలిచే కాలాన్ని బట్టి తేల్చాలి. రంధ్రం పరిమాణం ఆ రెండు కాలాల మధ్య ఉండేలా చూసుకోవాలి.

డీబౌన్సింగ్ సూత్రం కూడా ఇదే. బౌన్స్ కొన్ని మిల్లీసెకన్లు ఉంటుంది. మనిషి వేలు బటన్ మీద సాధారణంగా సెకనులో పదో వంతు, అంటే 100 మిల్లీసెకన్లయినా ఉంటుంది. ఈ రెంటికీ మధ్యలో గీత గీయాలి. పది నుంచి యాభై మిల్లీసెకన్ల మధ్య కాలాన్ని ఎంచుకోవడం అందుకే.

మొదటి మార్గం: ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్

బావి చేసే పనిని సర్క్యూట్‌లో కెపాసిటర్ చేస్తుంది. రంధ్రం చేసే పనిని రెసిస్టర్ చేస్తుంది.

ఐదు వోల్టుల సరఫరా నుంచి పది కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఒక బిందువుకు కలపాలి. ఆ బిందువుకూ గ్రౌండ్‌కూ మధ్య ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంచాలి. బటన్‌ను 100 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ ద్వారా అదే బిందువుకూ గ్రౌండ్‌కూ మధ్య కలపాలి. కెపాసిటర్‌లోని విద్యుత్తు ఒక్కసారిగా బటన్ గుండా దూకి రేకులను కాల్చకుండా ఈ చిన్న రెసిస్టర్ కాపాడుతుంది.

బటన్ నొక్కగానే కెపాసిటర్ ఖాళీ అయి వోల్టేజీ సున్నా దగ్గరకు పడిపోతుంది. రేకులు ఎగిరి క్షణకాలం విడిపోయినప్పుడు కెపాసిటర్ మళ్లీ నిండబోతుంది. కానీ పది కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా నిండటానికి సమయం పడుతుంది. 10 కిలోఓమ్‌లను 1 మైక్రోఫారడ్‌తో గుణిస్తే 10 మిల్లీసెకన్లు. వోల్టేజీ చెప్పుకోదగినంత పెరిగేలోపే రేకులు మళ్లీ తగిలి దాన్ని కిందికి లాగేస్తాయి.

అయితే ఇంతటితో పని పూర్తికాదు. బటన్ వదిలాక వోల్టేజీ మెట్టులా కాకుండా వాలులా మెల్లగా పైకెక్కుతుంది. ఆ వాలు మధ్యలో చిన్న అలజడి ఉన్నా, మామూలు డిజిటల్ ఐసీ అటూ ఇటూ ఊగిసలాడి మళ్లీ తప్పు లెక్క చూపవచ్చు. దీనికి విరుగుడు 'ష్మిట్ ట్రిగర్'. పైకి వెళ్లేటప్పుడు ఒక హద్దు, కిందికి దిగేటప్పుడు అంతకన్నా తక్కువైన మరో హద్దు పెట్టడం దీని ప్రత్యేకత. ఒకసారి మనసు మార్చుకున్నాక చిన్నచిన్న కారణాలకు మళ్లీ మార్చుకోదు. అమెరికా శాస్త్రవేత్త ఆటో ష్మిట్ 1930లలో, స్క్విడ్ అనే సముద్రజీవి నరాల్లో సంకేతాలు ప్రయాణించే తీరును పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టారు.

ఇందుకోసం 74హెచ్‌సీ14 వంటి ఐసీలు దొరుకుతాయి. అది అందుబాటులో లేకపోతే మరో 555 ఐసీ చాలు. దాని రెండో పిన్‌నూ ఆరో పిన్‌నూ కలిపి, ఆ జంటను కెపాసిటర్ బిందువుకు తగిలిస్తే అదే ష్మిట్ ట్రిగర్‌గా పనిచేస్తుంది. వోల్టేజీ సరఫరాలో మూడో వంతుకన్నా కిందికి దిగితే అవుట్‌పుట్ వెలుగుతుంది. మూడింట రెండు వంతులు దాటితేనే ఆరుతుంది. విడిభాగాల కోసం ఓడల రాకకు ఎదురుచూసే చోట, చేతిలో ఉన్న ఐసీతోనే పని జరగడం చిన్న సౌకర్యం కాదు.

రెండో మార్గం: ప్రోగ్రామ్‌లోనే ఆగి చూడటం

ఆర్డునో వంటి మైక్రోకంట్రోలర్ వాడేవారికి అదనపు భాగాలేవీ అక్కర్లేదు. ప్రోగ్రామ్‌లోనే రెండు పద్ధతులున్నాయి.

మొదటిది ఓపికతో చూసే పద్ధతి. బటన్ స్థితిని రెండు మూడు మిల్లీసెకన్లకొకసారి గమనిస్తూ, వరుసగా 20 మిల్లీసెకన్లపాటు ఒకే విధంగా ఉంటేనే 'నొక్కారు' అని నిర్ధారించాలి. మధ్యలో మారితే లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

రెండోది వెంటనే స్పందించే పద్ధతి. తొలిసారి తగలగానే నొక్కినట్టు లెక్కించి, ఆ తర్వాత 50 మిల్లీసెకన్లపాటు ఆ బటన్ వైపు చూడకుండా ఉండాలి. స్పందన త్వరగా ఉంటుంది. కానీ ఎవరూ నొక్కకుండానే వైరులో పుట్టిన ఒక చిన్న విద్యుత్ కుదుపును కూడా ఇది నొక్కుగానే భావిస్తుంది. మోటారు, రిలే దగ్గరుండి, బటన్ వైరు పొడవుగా ఉన్నప్పుడు ఇలాంటి కుదుపులు సహజం. అందువల్ల నీటి మోటారు టైమర్‌కు మొదటి పద్ధతే మేలు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, వేచి చూసే ఆ కాలంలో ప్రోగ్రామ్ మొత్తాన్ని నిలిపివేయకూడదు. సమయాన్ని గుర్తుంచుకుని మిగతా పనులు చేసుకుంటూ పోయేలా రాయాలి. లేకపోతే బటన్ సరిగ్గా పనిచేసినా గడియారం వెనకబడుతుంది.

ఉప్పుగాలి తెచ్చే కొత్త చిక్కు

హైదరాబాద్‌లో చక్కగా పనిచేసిన సర్క్యూట్ అండమాన్‌లోనో, కాకినాడ తీరంలోనో కొన్ని నెలలకు మొరాయించవచ్చు. గాలిలోని తేమ, ఉప్పు కలిసి స్విచ్ రేకుల మీద సన్నని తుప్పు పొరను ఏర్పరుస్తాయి. అప్పుడు రేకులు తగిలినా విద్యుత్తు తడబడుతూ ప్రవహిస్తుంది. కొత్తలో రెండు మిల్లీసెకన్లున్న బౌన్స్ కాలం గడిచేకొద్దీ పెరగవచ్చు. కాబట్టి కొత్త స్విచ్‌ను కొలిచి, సరిగ్గా అంతే కాలం పెట్టుకోవడం తీరప్రాంతాల్లో తెలివైన పని కాదు. కొంత వెసులుబాటు ఉంచుకోవాలి.

రేకుల గుండా ప్రవహించే కరెంటు మరీ తక్కువైతే ఆ పొరను ఛేదించలేదు. ఐదు వోల్టులకు పది కిలోఓమ్‌ల రెసిస్టర్ వాడితే కరెంటు అర మిల్లీయాంపియరే. రెసిస్టర్‌ను ఒక కిలోఓమ్‌కు తగ్గిస్తే అది ఐదు మిల్లీయాంపియర్లకు చేరువవుతుంది. అప్పుడు కెపాసిటర్‌ను 10 మైక్రోఫారడ్లకు పెంచితే లబ్ధం మళ్లీ అదే 10 మిల్లీసెకన్లు వస్తుంది. గాలి చొరబడకుండా మూసి ఉన్న స్విచ్‌లు వాడటం, సోల్డరింగ్ ముగిశాక బోర్డుపై వార్నిష్ పూత వేయడం కూడా ఉపకరిస్తాయి.

తప్పు లెక్క వర్షానికీ తప్పదు

ఇదంతా ఇంటి టైమర్‌కే పరిమితమైన సంగతి కాదు. వాతావరణ కేంద్రాల్లోని స్వయంచాలిత వర్షమాపకాల్లో తక్కెడలాంటి రెండు చిన్న దొప్పలుంటాయి. ఒకటి నిండగానే ఒరిగిపోయి నీటిని వదిలేస్తుంది, రెండోది దాని స్థానంలోకి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక అయస్కాంతం గాజు గొట్టంలో మూసి ఉంచిన 'రీడ్ స్విచ్'ను కలుపుతుంది. గాజులో ఉన్నందున దానికి ఉప్పుగాలి తగలదు. కానీ లోపలి రేకులు మాత్రం అన్ని స్విచ్‌లలాగే ఎగురుతాయి.

ఒక్కో ఒరుగుకు 0.2 మిల్లీమీటర్ల వర్షం అనుకుందాం. అరవై మిల్లీమీటర్ల వర్షానికి 300 ఒరుగులు. వాటిలో పదింట ఒకటి రెండుసార్లు లెక్కకు వస్తే పరికరం 330 అని చెబుతుంది. అంటే 66 మిల్లీమీటర్లు. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారత వాతావరణ శాఖ దాన్ని 'భారీ వర్షం'గా పరిగణిస్తుంది. కురవని భారీ వర్షం, కేవలం రేకులు ఎగిరినందువల్ల రికార్డుల్లోకి ఎక్కుతుందన్నమాట.

అలాగని అతి జాగ్రత్తా పనికిరాదు. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున కుంభవృష్టి కురిసినా ఒరుగుకూ ఒరుగుకూ మధ్య సుమారు ఏడు సెకన్ల వ్యవధి ఉంటుంది. కాబట్టి ఒక ఒరుగు తర్వాత 100 మిల్లీసెకన్లు స్విచ్‌ను పట్టించుకోకపోయినా నష్టం లేదు. అదే పది సెకన్లు పట్టించుకోకపోతే, అత్యంత అవసరమైన సమయంలోనే వర్షం లెక్క సగానికి పడిపోతుంది. బావి అడుగున రంధ్రం మరీ చిన్నదైనట్టే ఇది కూడా.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుసుకోవాలి?

ఇందుకు ఆసిలోస్కోప్ ఉండాలన్న నియమం లేదు. మైక్రోకంట్రోలర్‌తో నొక్కుల సంఖ్యను తెరపై చూపేలా చిన్న ప్రోగ్రామ్ రాయాలి. లేదా కౌంటర్ ఐసీకి ఎల్‌ఈడీలు కలపాలి. ముందుగా డీబౌన్సింగ్ లేకుండా బటన్‌ను వందసార్లు నొక్కి, వచ్చిన సంఖ్యను రాసుకోవాలి. తర్వాత డీబౌన్సింగ్ పెట్టి మళ్లీ వందసార్లు నొక్కాలి. మెల్లగా, గట్టిగా, వేగంగా, పక్క నుంచి, ఇలా రకరకాలుగా నొక్కి చూడాలి. వందకు మించితే వేచి చూసే కాలాన్ని పెంచాలి. వందకు తగ్గితే తగ్గించాలి. వానాకాలం వచ్చాక ఇదే పరీక్షను మరోసారి చేయడం మంచిది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ ప్రయోగాలన్నీ ఐదు వోల్టుల సరఫరాతోనే చేయాలి. టైమర్‌ను 230 వోల్టుల మోటారుకు రిలే ద్వారా కలిపే పనిని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాలి. తడి చేతులతో నీటి మోటారు దగ్గర ప్రయోగాలు ప్రాణాంతకం.

టైమర్ తప్పు చెబుతున్నప్పుడు మొదట అనుమానించవలసింది ఐసీని కాదు, బటన్‌ను. కొత్త ఐసీ కోసం ఆర్డరు పెట్టేముందు ఒక కెపాసిటర్‌ను తగిలించి చూడటానికి పట్టేది ఐదు నిమిషాలు. ఈసారి ఆ ఐదు నిమిషాలు పదిహేను కాకుండా ఉంటాయి.